సర్వీస్ నడుస్తున్నా టైమ్ సింక్ కాకపోతే

ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న మీ లినక్స్ సిస్టమ్ గడియారం పది నిమిషాలు తేడాగా ఉందనీ, టైమ్‌డేట్‌సీటీఎల్‌లో (సమయం వివరాలు చూపే కమాండ్) ఎన్‌టీపీ సర్వీస్ (నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసేది) యాక్టివ్ అని ఉన్నా, సింక్రనైజ్డ్ దగ్గర మాత్రం నో అని వస్తోందనీ అన్నారు కదండీ. యాక్టివ్ అంటే ఆ పని చేసే క్రోనీ అనే ప్రోగ్రామ్ నడుస్తోందని మాత్రమే, సమయం చెప్పే సర్వర్ జవాబిస్తోందని కాదు.

ముందు టెర్మినల్‌లో 'క్రోనీసీ సోర్సెస్' కొట్టి, సర్వర్ జవాబులు అందాయో లేదో చూపే రీచ్ కాలమ్ చూడండి. 377 ఉంటే చివరి ఎనిమిది సార్లూ జవాబు అందినట్టు (అది ఆక్టల్, అంటే 0 నుంచి 7 వరకు అంకెలతోనే రాసే సంఖ్య, కంగారు పడకండి). 0 ఉండి, వరుస మొదట్లో ప్రశ్నార్థకం కనిపిస్తే చాలావరకు ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలను అడ్డుకునే రక్షణ) పనే. ఆఫీసు నెట్‌వర్క్ అన్నారు కాబట్టి ఎన్‌టీపీ వాడే యూడీపీ 123 పోర్టు మూసేసి ఉంటారు. దాన్ని తెరవమని బతిమాలే కంటే వాళ్ల లోపలి టైమ్ సర్వర్ అడ్రస్ అడగడం మేలు. ఆ అడ్రస్‌ను క్రోనీ కాన్ఫిగ్ ఫైల్లో సర్వర్ అనే మాట పక్కన రాసి, చివర ఐబర్స్ట్ (మొదట్లో వెంటవెంటనే అడిగి త్వరగా సింక్ అవ్వమనే ఆప్షన్) చేర్చి, సర్వీస్ రీస్టార్ట్ చేయండి.

ఆ తర్వాత కూడా మీరు చెప్పిన పది నిమిషాల తేడా అలాగే ఉంటే, సుడోతో (అడ్మిన్ హక్కులతో) 'క్రోనీసీ మేక్‌స్టెప్' కొట్టండి, అది గడియారాన్ని ఒక్కసారిగా సరైన సమయానికి జరుపుతుంది. సమయం అలా ఒక్కసారిగా మారుతుంది కాబట్టి, డేటాబేస్ నడుస్తుంటే మాత్రం ముందు దాన్ని ఆపండి.