క్రాకోవ్‌లో రెండు రోజులుంటే, ఆ రెండూ ఊళ్లోనే గడపండి

అమ్మానాన్నలతో రెండు రోజులకి పోలండ్‌లోని క్రాకోవ్ వెళ్తున్నాం, ఒక రోజు వియెలిచ్కా ఉప్పు గని, ఇంకో రోజు నాజీల నిర్బంధ శిబిరం ఆష్విట్జ్ పెట్టుకోవచ్చా అని అడిగారు. వద్దండీ. రెండూ చూడాల్సినవే, కానీ అలా వెళ్తే క్రాకోవ్‌ని బస్సు కిటికీలోంచి చూసినట్టే. పైగా గనిలో మొదట్లోనే దాదాపు 380 మెట్లు దిగాలి. పెద్దవాళ్ల మోకాళ్లు చూసుకోండి.

నేను అక్కడే చదువుకున్నాను. ఇంటి నుంచి ఎవరొచ్చినా ముందు ఫ్లోరియన్ గేటు దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. అక్కడి నుంచి వావెల్ కోట దాకా పోలండ్ రాజులు ఊరేగిన దారి ఉంది. 1600 ప్రాంతంలో రాజు వార్సాకి మారిపోయాక కూడా చాలాకాలం పట్టాభిషేకాలు క్రాకోవ్‌లోనే జరిగాయి.

దారి మధ్యలో 1257లో రూపుదిద్దిన పెద్ద చౌక్ వస్తుంది, ఒక్కో వైపు సుమారు 200 మీటర్లు. దాని మూల ఉన్న సెయింట్ మేరీ చర్చికి మాత్రం తీరిగ్గా వెళ్లండి. గంటగంటకీ దాని గోపురం పైనుంచి ఫైర్ సర్వీసు ఉద్యోగి ఒకరు నాలుగు దిక్కులకీ బూర ఊదుతారు. ప్రతిసారీ రాగం మధ్యలో టక్కున ఆగిపోతుంది. టాటార్లు (మంగోల్ సేనలు) దండెత్తి వచ్చినప్పుడు ఊరిని హెచ్చరిస్తున్నవాడి గొంతులో బాణం దిగిందనీ, అందుకే అక్కడ ఆపుతారనీ చెప్పుకుంటారు. ఊదడం అయ్యాక కింద నుంచి చెయ్యి ఊపండి, చాలాసార్లు పైనుంచి ఆయనా ఊపుతారు. మా నాన్న ఎంత మురిసిపోయారో!

లోపల శిల్పి ఫైట్ ష్టోస్ 1477 నుంచి 1489 దాకా చెక్కిన చెక్క బలిపీఠం (తలుపులున్న పెద్ద శిల్పాల గోడ లాంటిది) ఉంది, ఎత్తు దాదాపు 13 మీటర్లు. మధ్యాహ్నం 12కి కాస్త ముందు దాని తలుపులు తెరుస్తారు, అప్పటికి లోపల ఉండండి. అందులో యేసు తల్లి మేరీ ప్రాణం విడుస్తూ ఒరిగిపోతుంటే చుట్టూ నిలబడ్డ యేసు శిష్యుల చేతులు చూడండి. ఉబ్బిన నరాలు, వేళ్ల కణుపులు, ముసలి చర్మం ముడతలు, అన్నీ లిండెన్ చెక్కలోనే. యుద్ధంలో నాజీలు దీన్ని విప్పి నూరెంబర్గ్ తీసుకెళ్లారు, 1946లో తిరిగొచ్చింది. యూరప్‌లో నేను చూసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి కాబట్టి వేరే రోజు పెట్టుకోండి.

రెండో రోజు వావెల్. అక్కడ ఒక్కో విభాగానికీ విడిగా టికెట్టు, అన్నీ కొనొద్దు. కెథడ్రల్, అందులో బంగారు గుమ్మటం ఉన్న సిగిస్మండ్ చాపెల్ చాలు. సాయంత్రం పాత కోటగోడలు కొట్టేసి వేసిన ప్లాంటీ పార్కులో కూర్చోండి.

డబ్బు యూరోల్లో కాదు, జ్లోటీల్లో. శాకాహారులైతే బంగాళాదుంప, పనీర్‌లాంటి జున్ను పెట్టిన పియెరోగీ (ఉడికించిన కజ్జికాయల్లాంటివి) అడగండి. పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు, వద్దని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి.