అమ్మమ్మ గురించి రాసే ముందు

చిరంజీవి అమ్మడికి,
చిన్నమ్మమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. సంవత్సరీకానికి అక్క మీద ఓ చిన్న పుస్తకం వేయాలనుకున్నావు, చాలా సంతోషం. కానీ రాసింది మాత్రం మళ్ళీ రాయాలి తల్లీ. 'ప్రేమమూర్తి', 'ఆదర్శ ఉపాధ్యాయురాలు', 'విద్యార్థుల పాలిటి దేవత' అన్నావు. ఈ మాటలు ఏ టీచరమ్మ ఫొటో కిందైనా వేసుకోవచ్చు. మీ చిన్నతాతయ్య పోయినప్పుడు నేనూ అలాంటి పుస్తకమే వేయించాను. ఇప్పుడు తెరిచి చూస్తే ఆయన ఎలా నవ్వేవారో, ఏ మాటకి కోపం వచ్చేదో ఒక్క ముక్క లేదు. నాకు ఆ బాధ ఇంకా ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ట్రంకు పెట్టె తీయి. పెన్షన్ కాగితాలు, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు అందులోనే ఉంటాయి. ఏ ఊళ్ళో ఎన్నేళ్ళు చేసిందో ఒక కాగితం మీద వరసగా వేసుకో. రికార్డులో అక్క పుట్టిన తేదీ 1927 జులై 1 అని ఉంటుంది. నిజానికి అట్లతద్ది నాడు పుట్టిందని మా అమ్మ చెప్పేది. అప్పట్లో పిల్లల్ని బడిలో వేసే రోజున మాస్టారే ఓ తేదీ వేసేసేవారు. తర్వాత అక్క కూడా అదే పని చేసింది. అయితే, తల్లిని కూర్చోబెట్టి, "వానలకి ముందా, కోతలప్పుడా, ఏ పండగ దగ్గర?" అని అడిగి మరీ వేసేది. దివిసీమలో ఎంతోమంది ముసలివాళ్ళ ఆధార్ కార్డు మీదున్న పుట్టినరోజు అక్క లెక్క కట్టినదే. 'దేవత' అన్న మాట తీసేసి ఇది రాయి.

తర్వాత పాత విద్యార్థుల దగ్గరికి వెళ్ళు. పెద్దవాళ్ళతో మొదలుపెట్టు, వాళ్ళకి టైం తక్కువ. "టీచరమ్మ ఎలాంటివారు?" అని మాత్రం అడక్కు. "చాలా మంచావిడమ్మా" అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. ఏ మూల కూర్చునేవారు, దేనికి దెబ్బలు తిన్నారు, పలక పగిలితే ఏం చేసేది, ఇలా అడుగు. అమెరికా పాలపొడి కలిపి ఇచ్చేవాళ్ళు కదా, ఎవరు కలిపేవారు, గ్లాసు లేని పిల్లాడు దేంట్లో తాగాడు, అది అడుగు. చెప్పేటప్పుడు మధ్యలో ఆపకు.

సంవత్సరాలు వాళ్ళకి గుర్తుండవు. బడిని 'బోర్డు స్కూలు' అన్నారంటే జిల్లా బోర్డు కింద ఉన్నప్పటిది, 1959కి ముందు సంగతి అనుకో. 'సమితి స్కూలు' అంటే పంచాయతీ సమితులు వచ్చాక, ఆ తర్వాతది. ఇంకా కావాలంటే ఉప్పెనకి ముందా, తర్వాతా అని అడుగు. ఆ వైపు వాళ్ళెవరూ అది తప్పు చెప్పరు.

ఉప్పెన సంగతి నేను చెబుతాను, ఇంకెవరికీ తెలియదు. 1977 నవంబరు 19 తర్వాత బడి మళ్ళీ తెరిచినప్పుడు అక్క హాజరు పట్టీ ముందు పెట్టుకుని కూర్చుంది. రాని పిల్లల పేర్లు కొట్టేయాలి. ఆ నెలంతా కొట్టేయలేదు. రోజూ పేరు పిలిచి, ఒక్క క్షణం ఆగి, తర్వాతి పేరు చదివేది. ఇది నాకు ఒకేసారి చెప్పింది, మళ్ళీ ఎత్తలేదు. పుస్తకంలో దీనికి ఏ విశేషణమూ తగిలించకు.

ఇక అమ్మమ్మగా. నువ్వు ఈ భాగం వేరే అధ్యాయంగా పెట్టావు. కలిపి రాయి. 1983లో ప్రభుత్వం రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి తగ్గించింది. అక్కకి అప్పటికే 55 నిండాయి. ముప్పై అయిదేళ్ళు బడికి వెళ్ళిన మనిషి ఫిబ్రవరి నెలాఖరుకి ఇంట్లో కూర్చుంది. తర్వాత మళ్ళీ 58 చేశారు గానీ, ఆ లోపే నువ్వు పుట్టి ఆమె ఒళ్ళోకి వచ్చావు.

ఇంకో మాట. మీ అమ్మ అయిదో ఏడు నుంచి పదో ఏడు దాకా మా అమ్మ దగ్గర పెరిగింది, అక్కేమో పడవ దాటి వెళ్ళాల్సిన ఊళ్ళో ఉద్యోగం చేసేది. శనివారం రాత్రికి వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళిపోయేది. మీ అమ్మ వాకిట్లో నిలబడి ఏడవడం నేను చూశాను. నీకు రోజూ జడ వేసిన చేతులు మీ అమ్మకి ఆదివారాలే దొరికాయి. అక్కకి ఈ సంగతి తెలుసు. నిన్ను అంతగా పట్టుకుని ఉండటానికి అదీ ఒక కారణమని నా నమ్మకం. ఇది రాయాలా వద్దా అన్నది నీ ఇష్టం కాదు, నా ఇష్టం కూడా కాదు. మీ అమ్మ పక్కన కూర్చుని అడుగు. వద్దంటే వదిలెయ్.

నువ్వు హైదరాబాద్ నుంచి రాసిన ఉత్తరాల్లో తప్పులకి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, అదే కాగితం తిప్పి పంపేది కదా. కింద మాత్రం నీలం సిరాతో "సెలవులు ఎప్పుడిస్తారు?" అని ఉండేది. ఒక్కటైనా దాచావా? ఉంటే ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయించు. 'అమ్మమ్మ ప్రేమ' అంటూ నువ్వు రాసిన పేజీన్నర అప్పుడు అక్కర్లేదు.

అక్షరాలు పెద్దవిగా వేయించు, చదివేవాళ్ళలో సగం మందికి డెబ్బై దాటాయి. గ్రూప్ ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వెనకాల పెన్సిల్‌తో పేర్లు రాశాను, రెండో వరసలో ఇద్దరు గుర్తుకు రాలేదు. అవనిగడ్డలో అక్క మొదటి బ్యాచ్ కుర్రాడు ఒకాయన ఉన్నాడు, ఎనభై మూడేళ్ళు. వాళ్ళిద్దరెవరో ఆయనకి తెలుస్తుంది. పొద్దున పదిలోపు వెళ్ళు, తర్వాత పడుకుంటాడు. ఎడమ చెవి వినపడదు, కుడివైపు కూర్చో.

ఇట్లు,
మీ చిన్నమ్మమ్మ