బతికున్నవారికి ‘నివాళి’ అనవచ్చునా?

సందేహం: అమెరికా రాక్ సంగీతం మీద ఒక వ్యాసం రాస్తున్నాను. 2012 ఏప్రిల్‌లో డ్రమ్మర్, గాయకుడు లీవాన్ హెల్మ్ క్యాన్సర్ చివరి దశలో ఉన్నారని తెలిసి, అభిమానులు ‘ది లాస్ట్ వాల్ట్జ్’ సినిమాను మళ్లీ చూసుకున్న సందర్భం అందులో వస్తుంది. “ది లాస్ట్ వాల్ట్జ్ చూసి అభిమానులు ఆయనకు ఘన నివాళి అర్పించారు. ఆయన డ్రమ్స్ వాయిస్తూ పాడేవారు” అని రాశాను. “మనిషి బతికుండగా నివాళేమిటయ్యా!” అన్నాడు మా మిత్రుడు. నిఘంటువులో చూస్తే నివాళి అంటే హారతి అని ఉంది. ఏది సరి? ఇలా కచేరీని చిత్రించిన సినిమాను ‘కచేరీ సినిమా’ అనడం బాగుంటుందా?

సమాధానం: నిఘంటువు మీ పక్షానే ఉంది. అయినా మీ మిత్రుడి మాటే వినండి.

నివాళి అంటే నీరాజనం, హారతి. దేవుడికి ఇచ్చేదీ అదే, గడపలో నిలబెట్టి కొత్త దంపతులకు ఎర్రనీళ్ల పళ్లెంతో తిప్పేదీ అదే. కన్నడంలో ‘నివాళిసు’ అంటే దిష్టి తీయడం. అంటే మొదట్లో ఈ మాటకు చావుతో పనే లేదు. ఎదుటివారి కీడు తొలగిపోవాలని, చల్లగా ఉండాలని చేసే పని అది. ఆ లెక్కన జబ్బుపడ్డ మనిషికే ముందుగా ఇవ్వాలి నివాళి!

కానీ ఇప్పుడు ఆ లెక్క చెల్లదు. వర్ధంతులు, విగ్రహాలకు పూలదండలు, సంతాప సభలు, అన్నిటికీ పత్రికలు ఈ మాటనే వాడుతూ వచ్చాయి. శ్రద్ధాంజలి కంటే పొట్టిది, సింగిల్ కాలమ్ శీర్షికలో ఇట్టే ఇమిడిపోతుంది, అందుకే అంత చెలామణి అయిందని నా అనుమానం. ఇవాళ ఫొటో కింద ‘నివాళి’ కనబడితే ఎవరైనా ముందు చూసేది ఎప్పుడు పోయారా అనే. చిత్రమేమిటంటే అదే అర్థమున్న నీరాజనానికి ఈ గతి పట్టలేదు. నాయకుడి రోడ్ షోకు ‘జననీరాజనం’ అని నిక్షేపంగా రాస్తున్నారు, ఏ నాయకుడూ నొచ్చుకోవడం లేదు. అక్కడ ‘జన నివాళి’ అని రాసి చూడండి, మర్నాడు సవరణ వేసుకోవాల్సి వస్తుంది.

మన దగ్గర జరిగిందే చూడండి. 2020 ఆగస్టులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు చెన్నై ఆసుపత్రిలో ఉండగా, ఎంతోమంది ఒకే సాయంత్రం ఆయన పాటలు పెట్టుకుని ఆయన కోలుకోవాలని ప్రార్థించారు. ఆ రోజు దాన్ని నివాళి అని ఎవరైనా అని ఉంటే జనం ఊరుకునేవారా? సెప్టెంబరు 25న ఆయన పోయాక అవే పాటలు, అదే వినడం, అప్పుడది నివాళి.

మరి మీ వాక్యంలో ఏం పెట్టాలి? సన్మానం, సత్కారం అంటే మనిషి ఎదురుగా ఉండాలి, శాలువా కప్పాలి. సంస్మరణ, శ్రద్ధాంజలి నివాళి కంటే ప్రమాదం. పరామర్శ దగ్గరిదే గానీ, దానికి గడప దాటి వెళ్లాలి. హెల్మ్‌తో ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్న పాత సహచరుడు రాబీ రాబర్ట్‌సన్ ఆఖరి రోజుల్లో ఆసుపత్రికి వెళ్లి చూసివచ్చారు. అది పరామర్శ. ఇంట్లో కూర్చుని సినిమా చూడటాన్ని పరామర్శ అనలేం.

కాబట్టి పేరు పెట్టే పని మానేసి, జరిగింది చెప్పండి. మీ దగ్గర సరుకు బోలెడు ఉంది. 1976 నవంబరు 25న శాన్ ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్‌లో హెల్మ్, రాబర్ట్‌సన్‌ల రాక్ బృందం ‘ది బ్యాండ్’ ఇచ్చిన వీడ్కోలు కచేరీయే ‘ది లాస్ట్ వాల్ట్జ్’. మార్టిన్ స్కోర్సెసీ తీసిన ఆ సినిమా 1978లో విడుదలైంది. దీన్ని గట్టి సౌండ్‌తో వేయాలని మొదట్లోనే తెర మీద పడుతుంది. కచేరీలో ఆఖరున వాయించిన పాట సినిమాలో ముందే వస్తుంది. హెల్మ్ డ్రమ్స్ వెనక కూర్చుని, మెడ పక్కకు తిప్పి మైకులోకి పాడుతుంటారు, చేతులు మాత్రం తమ పని తాము చేసుకుపోతుంటాయి. ఇదంతా వదిలేసి ‘ఘన నివాళి’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తే ఎలా? పైగా రాబర్ట్‌సన్‌కే పెద్దపీట వేశారని హెల్మ్‌కు ఆ సినిమా అంటే పడేది కాదు. తన ఆత్మకథలో ఆ మాట దాచుకోలేదు కూడా. కాబట్టి ఆ ‘ఘన’ కూడా అతకదు.

మీరు అడగలేదు గానీ, ‘పాడేవారు’ దగ్గరా చిక్కుంది. ఉన్న మనిషిని పట్టుకుని ‘పాడేవారు’ అంటే మానేశారనైనా అర్థం, లేరనైనా అర్థం. 1998లో గొంతు క్యాన్సర్ వచ్చి హెల్మ్ స్వరం పోయిన మాట నిజమే. కానీ అది మెల్లగా తిరిగి వచ్చింది. 2004 నుంచి వుడ్‌స్టాక్‌లో తన ఇంటి ఆవరణలోనే కచేరీలు పెట్టారు, 2007లో తెచ్చిన ‘డర్ట్ ఫార్మర్’ ఆల్బమ్‌కు గ్రామీ అందుకున్నారు. తెర మీద కనిపిస్తున్నదాన్ని చెబుతున్నారు కాబట్టి ‘పాడతారు’ అనండి చాలు.

నేనైతే ఇలా రాస్తాను: “హెల్మ్ చివరి దశలో ఉన్నారని ఏప్రిల్ 17న భార్య, కూతురు ప్రకటించడంతో అభిమానులు ‘ది లాస్ట్ వాల్ట్జ్’ మళ్లీ పెట్టుకుని, ఆయన పాటలు వింటూ ఆయన్నే తలుచుకున్నారు.” తలుచుకోవడానికి మనిషి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆయన పోయింది ఏప్రిల్ 19న. ఆ తర్వాతి సంగతులు చెప్పే పేరాలో మీ నివాళిని నిశ్చింతగా వాడుకోండి.

‘కచేరీ సినిమా’ బాగానే ఉంది. తాలూకా కచేరీ చుట్టూ తిరిగిన తరం వారికి ఒక్క క్షణం ఆఫీసు గుర్తొస్తుందేమో, ముందు ‘రాక్’ అని తగిలిస్తే ఆ ఇబ్బంది ఉండదు. ‘కాన్సర్ట్ సినిమా’ అన్నా నాకు అభ్యంతరం లేదు. ‘ది బ్యాండ్’ పేరు మొదటిసారి వచ్చినచోట మాత్రం ‘రాక్ బృందం’ అని చేర్చండి. మనవాళ్లకు బ్యాండు అంటే పెళ్లి ఊరేగింపే.