వీఏ లోన్‌కి వెళ్లే ముందు

చిన్నా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. "ఆర్మీలో నాలుగేళ్లు చేశాను కదా పెదనాన్నా, డౌన్ పేమెంట్ లేకుండా వీఏ లోన్ ఇస్తారుగా" అన్నావు. నిజమే. వీఏ అంటే అమెరికాలో మాజీ సైనికుల బాగోగులు చూసే ప్రభుత్వ శాఖ, దాని హామీతో వచ్చే ఇంటి లోనే అది. కానీ అర్హత ఉండటం వేరు, లోన్ చేతికి రావడం వేరు. అప్పు ఇచ్చేది వీఏ కాదు, బ్యాంకు. వీఏ హామీ ఉంటుంది, అంతే. నెలనెలా కట్టగలవా లేదా అని బ్యాంకు విడిగా చూసుకుంటుంది.

అర్హత సంగతి నీకు టెన్షన్ అక్కర్లేదు. 24 నెలలు ఆగకుండా పనిచేసి, ఆర్మీ నుంచి మంచి డిశ్చార్జ్‌తో బయటికొచ్చావు. ఆర్మీ నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పత్రం డీడీ-214లో మెంబర్-4 అని ఉండే కాపీ తీసి పెట్టుకో, డిశ్చార్జ్ ఎలాంటిదో అందులోనే ఉంటుంది. అది ఉంటే అర్హత పత్రం బ్యాంకు వాళ్లే తెప్పిస్తారు.

కాలేజీలో ఉన్నవాడికి చిక్కంతా ఆదాయం దగ్గరే. నేనూ టెక్సస్‌లోని కిలీన్‌లో చదువుకుంటూనే లోన్‌కి వెళ్లాను. మాజీ సైనికుల చదువుకు ప్రభుత్వం సాయం చేసే జీఐ బిల్ కింద, ఇంటి అద్దెకని నెలనెలా వచ్చే డబ్బు చూసుకుని ధైర్యంగా ఉన్నాను. ఒక లోన్ కంపెనీ అతను ఫోన్‌లోనే "అంతా ఓకే" అన్నాడు. మీ పెద్దమ్మ ఆ ఇంట్లో దేవుడి గూడు ఎక్కడ పెట్టాలో కూడా చూసుకుంది. రెండు వారాల తర్వాత అతనే నా కాగితాలు ముందేసుకుని, జీఐ బిల్ అని రాసిన లైను మీద పెన్నుతో గీత కొట్టేశాడు. చదువు కోసం ఇచ్చే ఆ డబ్బు తాత్కాలికం, ఆదాయంగా లెక్కపెట్టరు. సెమిస్టర్‌కీ సెమిస్టర్‌కీ మధ్య సెలవుల్లో అది రాదని నీకూ తెలుసు. ఆ మాట అతను మొదటి రోజే చెప్పాల్సింది. అందుకే ఫోన్ మాట నమ్మకు. కాగితాలన్నీ చూశాక ఇంత లోన్ ఇవ్వగలమని రాతపూర్వకంగా ప్రీ-అప్రూవల్ ఇస్తేనే ఇళ్లు చూడటానికి వెళ్లు.

మరి ఏది లెక్కలోకి వస్తుంది? లైబ్రరీలో నువ్వు చేస్తున్న పార్ట్ టైమ్ పని రెండేళ్లు ఆగకుండా సాగితే వస్తుంది. కాబట్టి బోర్ కొట్టిందని ఇప్పుడు మానేయకు. చదువు అయ్యాక దానికి తగ్గ ఉద్యోగం వస్తే, రెండేళ్ల అనుభవం లేకపోయినా ఆ చదువును చూస్తారు.

అన్నిటికంటే గట్టిది, సర్వీసులో తగిలిన దెబ్బలకు వీఏ ఇచ్చే డిజెబిలిటీ పరిహారం. దాని మీద ట్యాక్స్ ఉండదు, ఆదాయంగా పూర్తిగా లెక్కపెడతారు. పైగా వీఏ లోన్ తీసుకున్నందుకు కట్టే ఫండింగ్ ఫీజు మాఫీ. మొదటిసారి డౌన్ పేమెంట్ లేకుండా తీసుకుంటే ఆ ఫీజు 2.15 శాతం. 2,50,000 డాలర్ల ఇంటికి 5,375 డాలర్లు! మెట్లు దిగేటప్పుడు నువ్వు రెయిలింగ్ పట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. ట్రైనింగ్‌లో దెబ్బ తగిలిన ఆ మోకాలికి నువ్వింతవరకు క్లెయిమే వేయలేదు. కౌంటీ వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లు, పైసా తీసుకోకుండా కాగితాలు నింపి పెడతారు. నొప్పి ఉందని చెప్పుకోవడం చిన్నతనం కాదురా.

ఖర్చుల లెక్కలో రెండు చూస్తారు. నీ అప్పుల వాయిదాలన్నీ, కొత్త ఇంటి వాయిదాతో సహా, ఆదాయంలో 41 శాతం దాటకుండా ఉంటే మంచిది. రెండోది, అన్నీ పోగా చేతిలో ఎంత మిగులుతుంది అని. టెక్సస్‌లో ఒంటరివాడికి, లోన్ 80,000 డాలర్లు దాటితే, నెలకు కనీసం 441 డాలర్లు మిగలాలి. ఆ మిగులు లెక్కేసే ముందే ఇంటి కరెంటు, మెయింటెనెన్స్‌కని చదరపు అడుగుకు 14 సెంట్ల చొప్పున ఆదాయంలోంచి కొట్టేస్తారు. అంటే 1,800 చదరపు అడుగుల ఇంటికి నెలకు 252 డాలర్లు. నీకు చిన్న ఇల్లు చాలు అంటున్నది అందుకే.

స్టూడెంట్ లోన్ వాయిదాలు ఇల్లు రిజిస్టర్ అయిన రోజు నుంచి కనీసం 12 నెలల దాకా మొదలవ్వవని రాసిచ్చిన కాగితం ఉంటే, దాన్ని లెక్కలోంచి వదిలేయవచ్చు. ఆ వాయిదాలు వసూలు చేసే కంపెనీని, అంటే లోన్ సర్వీసర్‌ని అడిగి ఆ కాగితం తెచ్చుకో.

మీ నాన్న పక్కన సంతకం పెడతానంటున్నాడట. మన ఊళ్లో తండ్రీ కొడుకులు కలిసి లోన్ తీసుకున్నట్టు ఇక్కడ కుదరదు. పెళ్లయి ఉంటే భార్య జీతం కలుపుకోవచ్చు. తండ్రి పేరు కలిస్తే వీఏ హామీ నీ వాటాకే ఉంటుంది, మిగతా దానికి బ్యాంకు డౌన్ పేమెంట్ అడుగుతుంది. సాయం చేయాలనుకుంటే ఇల్లు రిజిస్టర్ అయ్యేటప్పటి క్లోజింగ్ ఖర్చులకు డబ్బు ఇమ్మను. తిరిగి ఇవ్వక్కర్లేదని గిఫ్ట్ లెటర్ రాయించుకో.

ఆ ఇంట్లో నువ్వే ఉండాలి, మామూలుగా 60 రోజుల్లోపు దిగాలి. ఫ్రెండ్స్‌కి గది ఇస్తే ఇవ్వు, కానీ ఆ అద్దె నమ్ముకుని లోన్ పెంచుకోకు.

ఆదివారం పొద్దున డీడీ-214, రెండేళ్ల ట్యాక్స్ రిటర్న్‌లు, స్టూడెంట్ లోన్ స్టేట్‌మెంట్ పట్టుకుని రా. కూర్చుని లెక్క వేద్దాం. నీ మోకాలి మెడికల్ రికార్డులు కూడా మర్చిపోకు.

నీ పెదనాన్న