మా నాయనకు అల్జీమర్స్ మొదటి దశ అంటున్నారు. కొత్త ఇంజెక్షన్ వచ్చేదాకా ఆగాలా?

మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. చిత్తూరులో ఉండే మీ నాయనకు 66 ఏళ్లు. ఏడాదిగా మతిమరుపు. డాక్టరు అల్జీమర్స్ మొదటి దశ కావచ్చని మాత్రలు రాసిచ్చారు. ఇంతలో అమెరికాలో ఇంజెక్షన్ వచ్చిందని, దాంతో జబ్బు పూర్తిగా పోతుందని వాట్సాప్‌లో చూశారు. మాత్రలు పక్కనపెట్టి దానికోసం ఆగాలా అని అడుగుతున్నారు.

ఆగొద్దండి. ఇంజెక్షన్లు వచ్చినమాట నిజం. వాటితో జబ్బు పోతుందన్నది మాత్రం నిజం కాదు. పైగా ఈ జబ్బులో మనకు చేతనైంది చేసుకునే కాలం చాలా తక్కువ. ఆ కాలాన్ని మా ఇంట్లో పోగొట్టుకున్నాం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది తిరుపతి. మా అమ్మ ముప్పై ఏళ్లకు పైగా గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్మింది. తడిపిన అరటినార ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని, రెండు మొగ్గలు ఇటు, రెండు మొగ్గలు అటు పెట్టి ఒక్క చుట్టు చుట్టి లాగితే ముడి పడిపోయేది. మాట్లాడుతూనే కట్టేది, చేతి వైపు చూసేదే కాదు. మోచేతి నుంచి నడివేలి కొస దాకా కొలిచి మూర లెక్కన ఇచ్చేది. 2021లో ఆ లెక్క తప్పడం మొదలైంది. రెండు మూరలు అడిగితే నాలుగు కొలిచి ఇచ్చేది. వంద నోటిస్తే చిల్లర ఎంత తిరిగివ్వాలో తోచక, నోటునే తిరిగిచ్చేసేది. పక్కన కూర్చునే ఆమె నాకు చెప్పింది కూడా, "మీయమ్మ ఈమధ్య పరధ్యానంగా ఉండాదమ్మా" అని. 66 ఏళ్ల మనిషి, పెద్దతనం అనుకున్నాం. దగ్గర్లో ఒక డాక్టరుకు చూపిస్తే ఆయనా ఆ మాటే అని బలం మాత్రలు రాసిచ్చారు.

2023 చివర్లో ఒక సాయంత్రం అమ్మ ఇంటికి రాలేదు. గుడి నుంచి మా ఇల్లు పదిహేను నిమిషాల నడక. రాత్రి తొమ్మిదికి రైల్వేస్టేషన్లో కనిపించింది, బెంచీ మీద, ఒళ్లో పూలబుట్టతో. "ఏమ్మా, ఈడ కూచున్నావు?" అంటే, "నాయన రేణిగుంట నుంచి బండికి వస్తాడు కదా" అంది. మా తాత పోయి అప్పటికే నలభై ఏళ్లు.

ఆ తర్వాతే న్యూరాలజిస్టు దగ్గరికి పోయాం. ఆయన మొదట చేయించింది అల్జీమర్స్ పరీక్ష కాదు, బి12 విటమిన్, థైరాయిడ్, ఎంఆర్ఐ. బి12 తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, మనిషి లోలోపల దిగులుతో ఉన్నా, కిందపడి తలలో రక్తం గడ్డకట్టినా, మెదడులో నీరు చేరినా మతిమరుపు వస్తుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది, మనిషి మళ్లీ మామూలు కావచ్చు. మీ నాయనకు ఇవి చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే ముందు ఆ పని చూడండి. ఇంజెక్షన్ సంగతి ఆ తర్వాత.

"పెద్దతనం" అన్న మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. మన దేశంలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా, అంటే రోజువారీ బతుకునే దెబ్బతీసే మతిమరుపు జబ్బులు (అల్జీమర్స్ వాటిలో ఒకటి), ఉన్నది దాదాపు 7.4 శాతం మందికని, అంటే సుమారు 88 లక్షల మందికని, జాతీయ సర్వే ఆధారంగా 2023లో అంచనా కట్టారు. చిన్న సంఖ్య కాదు. కానీ నూటికి తొంభై మందికి పైగా అది లేకుండానే ముసలివాళ్లవుతున్నారు కదా! ఉట్టి వయసే కారణమైతే అందరికీ రావాలి.

స్కానులో అమ్మ హిప్పోక్యాంపస్ కుంచించుకుపోయి కనిపించింది. కొత్త విషయాలను మనసులో పదిలం చేసే చోటు అది, అల్జీమర్స్ ముందుగా దెబ్బతీసే చోట్లలో ఒకటి. చేతికి అలవాటైన పనులు మెదడులో వేరే భాగాల్లో ఉంటాయి, అవి చాలాకాలం నిలుస్తాయి. అమ్మ ముడి తప్పకుండా మూర తప్పడం ఎందుకో అప్పుడు తెలిసింది. పాత సంగతులు కూడా అంతే. పొద్దున తిన్నది ఇడ్లీయో సంగటో చెప్పలేదు. గంగజాతర వేషాలు మాత్రం అడిగితే బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని వరస తప్పకుండా చెప్పేది. ఆ వరస విని "మీయమ్మకు జ్ఞాపకశక్తి బ్రహ్మాండం" అని మెచ్చుకున్న చుట్టాలున్నారు. ఆ మాట పట్టుకుని మేమూ ధైర్యంగా ఉండిపోయాం. మీరు అట్లా ఉండొద్దు. నిన్నటి సంగతి అడిగి చూడండి.

1906లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు, చనిపోయిన తన పేషెంటు మెదడులో రెండు మార్పులు చూశానని ప్రకటించాడు. కణాల బయట పేరుకున్న మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు. మచ్చల్లో ఉండేది అమిలాయిడ్ బీటా, పోగుల్లో ఉండేది టావ్ అనే ప్రోటీన్ అని ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు తేలింది. మనం తెలుసుకోవాల్సింది ఏమిటంటే, అమిలాయిడ్ పేరుకోవడం మతిమరుపు కనపడేదానికి పదిహేను ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుంది. అంటే అమ్మ అరటినారతో పరాకు లేకుండా మాలలు కడుతున్న రోజుల్లోనే లోపల పని జరుగుతూ ఉంది.

ఇక మీరడిగిన ఇంజెక్షన్. లెకానెమాబ్‌కు అమెరికాలో 2023 జులైలో పూర్తి అనుమతి వచ్చింది, డొనానెమాబ్‌కు 2024 జులైలో. రెండూ అమిలాయిడ్‌ను పట్టి మెదడు నుంచి తొలగించేవే. మొదటిది రెండు వారాలకోసారి, రెండోది నాలుగు వారాలకోసారి సెలైన్ లాగా ఎక్కిస్తారు. లెకానెమాబ్‌ను 1,795 మంది మీద పద్దెనిమిది నెలలు పరీక్షించారు. 18 పాయింట్ల కొలత ఒకటి ఉంది, పెరిగితే జబ్బు ముదిరినట్టు. ఉత్తుత్తి మందు ఎక్కించినవాళ్లకు అది సగటున 1.66 పెరిగింది, అసలు మందు తీసుకున్నవాళ్లకు 1.21. తేడా 0.45, అంటే 1.66లో నాలుగో వంతు పైచిలుకు. వార్తల్లో మీరు చూసే "27 శాతం" ఇదే. మందు తీసుకున్నవాళ్లు కూడా దిగజారారు, కాకపోతే నెమ్మదిగా. పోయిన జ్ఞాపకం తిరిగి రాదు.

ఇది చిన్న విషయమని నేను అనను. నూరేళ్లకు పైగా ఎవరూ జబ్బు మూలాన్ని తాకలేకపోయిన చోట ఇది తొలి అడుగుల్లో ఒకటి. కానీ దీనికి షరతులున్నాయి. మతిమరుపు స్వల్పంగా ఉన్న తొలి దశలోనే ఇస్తారు. మెదడులో అమిలాయిడ్ ఉందని ముందే రుజువు కావాలి. లెకానెమాబ్ పరీక్షలో మందు తీసుకున్నవాళ్లలో నూటికి పన్నెండు, పదమూడు మందికి స్కానులో మెదడు వాపు కనపడింది, కొందరికి చిన్నచిన్న రక్తస్రావాలూ అయ్యాయి. చాలామందికి పైకి ఏమీ తెలియకపోయినా, మధ్యమధ్యలో ఎంఆర్ఐలు తప్పవు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు, ఏపీఓఈ4 అనే జన్యువు రెండు ప్రతులు ఉన్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ. అమెరికాలో మొదట పెట్టిన ధర ఏడాదికి 26,500 డాలర్లు, స్కానుల ఖర్చు వేరే.

మా డాక్టరును నేనూ అడిగాను, అమ్మకు ఇది పనికొస్తుందా అని. ఆయన స్కాను వెలుతురుకు పట్టి చూపించారు. "ఇక్కడ నల్ల చుక్కలు చూడమ్మా, పాత రక్తస్రావాల గుర్తులు. పైగా మొదటి దశ దాటిపోయింది." అంతే. ఆ రోజు బస్సులో ఇంటికి వచ్చేదాకా అమ్మ నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది, నేను 2021 నుంచి ఒక్కో నెలా లెక్కపెట్టుకుంటూ కూచున్నాను.

మాత్రల విషయానికి వస్తే, అమ్మకు డొనెపెజిల్ మొదలుపెట్టారు. జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం త్వరగా విరిగిపోకుండా చూస్తుంది. జబ్బును ఆపదు. మొదటి పది రోజులు వాంతులు, రాత్రుళ్లు పీడకలలు. మానేద్దామనుకున్నాం. డాక్టరు మాత్రను రాత్రి నుంచి పొద్దుటికి మార్చాక సర్దుకుంది. ఆ తర్వాత దాదాపు తొమ్మిది నెలలు ఇంట్లో మనిషిలా తిరిగింది, మనవరాలిని పేరుపెట్టి పిలిచింది. తర్వాత మెమంటిన్ అనే ఇంకో మందు కలిపారు. అందరికీ ఇంత మేలు కనపడుతుందని చెప్పలేను. కానీ డాక్టరును అడక్కుండా మీకై మీరు ఆపొద్దు.

పరిశోధనలో నాకు ఎక్కువ ఆశ కలిగించేది రక్తపరీక్ష. ఇదివరకు అమిలాయిడ్ ఉందో లేదో చూడాలంటే పెట్ స్కాను తీయాలి, లేకపోతే వెన్నులోంచి నీరు తీయాలి. ఇప్పుడు రక్తంలో పి-టావ్217 అనే ప్రోటీన్‌ను కొలిచి చాలావరకు చెప్పగలుగుతున్నారు. లక్షణాలు ఉన్న 55 దాటినవాళ్ల కోసం అలాంటి పరీక్షకు అమెరికాలో 2025 మేలో అనుమతి ఇచ్చారు. ఇలాంటిది మామూలు ల్యాబుల దాకా వస్తే, అమ్మలాంటి వాళ్లకు రెండేళ్లు వృథా కావు. అన్నీ ఫలించడం లేదు మరి. బరువు, షుగరు తగ్గించే సెమాగ్లుటైడ్ ఈ జబ్బును నెమ్మదింపజేస్తుందేమోనని పెద్ద ఎత్తున పరీక్షిస్తే, 2025 నవంబరులో పనిచేయలేదని తేలింది. దాని మీద కూడా వాట్సాప్‌లో ఏదో ఒకటి వస్తుంది, నమ్మొద్దు.

మీ నాయనకు చెవులు ఎట్లా ఉన్నాయి? బీపీ, షుగరు, చూపు? 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ వినికిడి లోపం, బీపీ, షుగరు, పొగ, ఒంటరితనం లాంటి ముప్పు కారణాలు 14 లెక్కగట్టి, వాటిని సరిచూసుకుంటే లోకంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండానో ఆలస్యంగానో చేయవచ్చని చెప్పింది. అది రాకముందు మాట, నిజమే. కానీ అమ్మకు చెవి మెషీను పెట్టించాక అడిగినదానికి సంబంధం లేని జవాబులు సగానికి సగం తగ్గాయి. మతి తప్పిందని మేము అనుకున్నదాంట్లో కొంత వినపడకపోవడమే.

ఇంకొకటి, ఇది ఏ డాక్టరూ మాకు చెప్పలేదు. మీ నాయన ఇంకా తన మాట తాను చెప్పగలుగుతున్నారు. బ్యాంకు నామినీ, పొలం కాగితాలు, ఎవరికి ఎంత ఇచ్చారు, ఎవరి దగ్గర తీసుకున్నారు, రేపు తనను ఎవరు చూసుకోవాలని ఉంది, అన్నీ ఈ నెలలోనే కూచుని అడగండి. పోలీసు విచారణ మాదిరి కాదు, సాయంత్రం కాఫీ తాగుతూ అడగండి. అమ్మ చీటీలు కట్టేది, తోటి పూలవాళ్లకు చేబదులు ఇచ్చేది. ఆ డబ్బు ఎక్కడుందో మాకు ఇప్పటికీ తెలియదు. దానికన్నా బాధ, తనకు ఏం కావాలో ఒక్కసారి కూడా అమ్మ నోట వినలేదు. అడిగే తెలివి మాకు వచ్చేసరికి చెప్పే శక్తి తనకు పోయింది.

ఇప్పుడు అమ్మ బయటికి పోదు. సాయంత్రం నేను బడి నుంచి వస్తూ విడిపూలు కాసిన్ని తెస్తాను. నార తడిపి చేతికిస్తే కడుతుంది. ముడి ఇప్పటికీ గట్టిగానే పడుతుంది. మూరలు నేను కొలుస్తాను.

మీ ఇంట్లో చూసుకునేవాళ్లకు ఆ భారంతో ఊపిరి సలపకపోతే పెద్దల కోసం ఉన్న 14567 నంబరుకు, మనసు బాగాలేకపోతే 14416కు ఫోన్ చేయవచ్చు, రెండూ ఉచితమే. నాయన బి12, థైరాయిడ్ రిపోర్టులు వచ్చాక ఎంతెంత ఉన్నాయో ఇక్కడే రాయండి. డాక్టరును ఏం అడగాలో కలిసి రాసుకుందాం.