సినిమా చూసి మా నాన్నను తిట్టినవారి మీద కేసు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఇరవై రెండేళ్లుగా బెంగళూరు పీణ్యలో ఉద్యోగం చేస్తున్నాను. 1980ల మొదట్లో సమితి ప్రెసిడెంటుగా పనిచేసిన మా నాన్నగారు 2009లో కాలం చేశారు. ‘నిజ సంఘటనల ఆధారంగా’ అంటూ వచ్చిన ఒక రాజకీయ చిత్రంలో పేరు మార్చి, ఆయన కుంటికాలు, తెల్ల అంబాసిడర్ కారు, మా ఊరి సంత అన్నీ అలాగే ఉంచి, సొంత నాయకుణ్ణి ప్రత్యర్థులకు పట్టించిన ద్రోహిగా చూపారు. మారతహళ్లి థియేటర్లో ఆ పాత్ర కనబడగానే జనం బూతులు తిట్టారు. ముందు వరుసలో మా పక్క ఊరతను నాన్నగారి పేరు పెట్టి అరిచాడు. నా భార్య, కూతురు ఏడుస్తూ బయటికి వచ్చేశారు. నాలుగు నిమిషాలు నేను ఫోనులో తీశాను, దాన్ని నెట్‌లో పెట్టి నిజం చెబుదామని మా తమ్ముడు అంటున్నాడు. తిట్టినవారి మీద కేసు పెట్టవచ్చా? సినిమా ఓటీటీలోకి రాకుండా ఆపవచ్చా? విడుదలైన వారానికే ఒక యూట్యూబ్ విశ్లేషకుడు, ఆ ద్రోహపు డబ్బుతోనే కొడుకు బెంగళూరులో ఇల్లు కట్టాడని నా పేరుతో సహా చెప్పాడు. కింద కామెంట్లలో నేను జవాబిచ్చాను, ఆ స్క్రీన్‌షాట్లు జతచేస్తున్నాను. ఇదంతా జరిగి పది నెలలు దాటింది.

జవాబు: మీ ప్రశ్నలో ఎక్కువ భాగం థియేటర్ గురించే ఉంది. మీ కేసును తేల్చే వాక్యాన్ని మీరు చివర్లో, అంత ముఖ్యం కానిదాని లాగా రాశారు. అది ఆ విశ్లేషకుడు మీ గురించి అన్న మాట.

కారణం చెబుతాను. మరణించిన వ్యక్తి పరువు పోయిందని వారసులు నష్టపరిహారం కోరుతూ సివిల్ దావా వేయడానికి మన చట్టంలో వీలు లేదు. జయలలిత జీవితం ఆధారంగా తీసిన సినిమాను ఆపాలని ఆమె మేనకోడలు దీప వేసిన కేసులో, మనిషి బతికి ఉండగా సంపాదించుకున్న ప్రతిష్ఠ, గోప్యత మరణంతోనే ముగుస్తాయనీ, అవి ఆస్తిలాగా వారసులకు సంక్రమించవనీ మద్రాసు హైకోర్టు 2021లో తీర్పు చెప్పింది. క్రిమినల్ చట్టంలో ఒక దారి ఉంది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ మొదటి వివరణ ప్రకారం, చనిపోయినవారి మీద చేసిన ఆరోపణ కూడా పరువు నష్టం కావచ్చు, కాని అది కుటుంబ సభ్యుల మనసును గాయపరచాలన్న ఉద్దేశంతో చేసినదై ఉండాలి. మీ ఉనికే తెలియని దర్శకుడికి ఆ ఉద్దేశం ఉందని రుజువు చేయడం చాలా కష్టం. ఈ ఫిర్యాదుకు మూడేళ్ల గడువు ఉంది కనుక ఇప్పుడు దాని వెంట పరుగెత్తకండి.

థియేటర్లో తిట్టినవారి మీద కేసు లేదు. వారు తిట్టింది తెర మీది పాత్రను. అయితే ఆ స్పందనను మీరు అవమానంగా మాత్రమే చూస్తున్నారు, నేను దాన్ని సాక్ష్యంగా చూస్తున్నాను. పేరు మార్చిన పాత్ర ఫలానా వ్యక్తేనని, అతణ్ణి ఎరిగిన సామాన్య ప్రేక్షకుడు గుర్తుపట్టాడా అన్నదే ఇలాంటి కేసుల్లో కోర్టు అడిగే మొదటి ప్రశ్న. మీ ఇంట్లోవారు గుర్తుపట్టామంటే దానికి బలం తక్కువ. ముందు వరుసలో కూర్చుని పేరు పెట్టి అరిచిన ఆ పక్క ఊరి మనిషి, మీరు శత్రువనుకుంటున్న ఆ మనిషే, ముందు ముందు సినిమా మీద ఏ చర్య తీసుకోదలచినా మీకు పనికివచ్చే సాక్షి. అతనితో తగవు పెట్టుకోకుండా, అతను ఎవరో, ఎక్కడ ఉంటాడో కనుక్కోండి.

ఇప్పుడు గడువు సంగతి. రాతపూర్వకంగా గాని, వీడియో రూపంలో గాని జరిగిన పరువు నష్టానికి పరిహారం కోరే దావాను, లిమిటేషన్ చట్టం 1963లోని 75వ ఆర్టికల్ ప్రకారం, ప్రచురించిన నాటి నుంచి ఒక్క సంవత్సరంలోగా వేయాలి. ఆ వీడియో ఇంకా నెట్‌లో ఉంది కనుక రోజూ కొత్త గడువు పుడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మొదటిసారి పెట్టిన తేదీనే లెక్కించాలని ఢిల్లీ హైకోర్టు 2013లో చెప్పింది, మీ ప్రతివాది వాదన కూడా అదే అవుతుంది. లాయరు నోటీసు పంపితే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, అది కూడా తప్పు. దావా దాఖలు చేస్తేనే గడువు ఆగుతుంది. మీ లెక్క ప్రకారమే మీ చేతిలో రెండు నెలలు కూడా లేవు.

పది నెలలు మీరు చేసిందేమిటి? కామెంట్లు రాశారు. మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో ఒకచోట ‘ఆ రాత్రి గేటు తీయించింది మా నాన్నే, కాని ప్రాణభయంతో తీయించాడు’ అని మీ సొంత ఖాతా నుంచి రాశారు. ఎదుటి పక్షం వకీలుకు ఇంతకంటే ఏం కావాలి? సినిమాలో చూపింది నిజమేనని కొడుకే ఒప్పుకున్నాడని ఆయన దీన్ని కోర్టులో చదివి వినిపిస్తారు. ఆవేశంలో రాసిన ఒక్క వాక్యంతో మీ నాన్నగారికి మీరే అన్యాయం చేశారు. ఇకపై ఒక్క అక్షరం కూడా రాయకండి. రాసినదాన్ని హడావుడిగా చెరిపేయకండి కూడా. ఎదుటివారు ఇప్పటికే దాచుకుని ఉంటారు, చెరిపేస్తే దాచిపెట్టారన్న నింద అదనంగా వస్తుంది.

మీ తమ్ముడి సలహా అన్నిటికంటే ప్రమాదం. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం, నకలు తయారుచేసే ఉద్దేశంతో థియేటర్లో సినిమాను గాని, అందులో కొంత భాగాన్ని గాని రికార్డు చేయడం నేరం. శిక్ష కనీసం మూడు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, దానితోపాటు కనీసం మూడు లక్షల రూపాయల జరిమానా. ఆ జరిమానా చిత్ర నిర్మాణ వ్యయంలో ఐదు శాతం వరకు పెరగవచ్చు. కోర్టులో చూపడానికే తీశానని ఈ రోజు మీరు చెప్పుకోగలరు. నెట్‌లో పెట్టిన క్షణం, కుటుంబ వాట్సాప్ గ్రూపులో పంపిన క్షణం ఆ సమాధానం పోతుంది, ఫిర్యాది కావలసిన మీరు నిందితులవుతారు. పైగా ఆ క్లిప్పుతో మీకు అవసరమే లేదు. సినిమాను నిర్మాత నుంచి కోర్టు ద్వారానే తెప్పించవచ్చు. ఫోనును అలాగే ఉంచి మీ వకీలుకు చూపండి.

ఓటీటీ విడుదలను ఆపడం గురించి ఆశ పెట్టుకోవద్దు. పూర్తి విచారణ జరగకుండా ప్రచురణను ఆపే ఉత్తర్వులు అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2024లో వార్తాసంస్థ బ్లూమ్‌బర్గ్ కేసులో మళ్లీ చెప్పింది.

మీరు గెలవగల కేసు ఆ వీడియో మీద మీ సొంత పరువు కోసం వేసే దావా. ముందు వీడియోను, దాని లింకును, పెట్టిన తేదీ కనబడేలా పేజీని భద్రపరచండి. ఆ తరువాతే తొలగించమని యూట్యూబ్‌కు ఫిర్యాదు చేయండి. ఈ వరుస తప్పితే, వీడియో పోతుంది, దానితో సాక్ష్యమూ పోతుంది. ఆ ఎలక్ట్రానిక్ కాపీని కోర్టు సాక్ష్యంగా తీసుకోవడానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్యను, అంటే హ్యాష్ విలువను కూడా రాయాలి. దావా బెంగళూరు సిటీ సివిల్ కోర్టులో వేయాలంటే, మీరు ఇక్కడ ఉంటున్నారన్నది చాలదు, నష్టం ఇక్కడ జరిగిందని చూపాలి. కనుక ఆ వీడియో చూసి మిమ్మల్ని అడిగిన సహోద్యోగులు ఇద్దరిని సాక్షులుగా సిద్ధం చేసుకోండి. వీడియో తెలుగులో ఉంది కాబట్టి, అందులోని మాటలను అక్షరం పొల్లుపోకుండా రాయించి, కన్నడంలోకి గాని ఇంగ్లీషులోకి గాని అనువాదం జతచేయాలి. దీనికే రెండు వారాలు పడుతుంది.

ఇల్లు ఏ డబ్బుతో కట్టారో చెప్పే కాగితాలే మీకు ప్రాణం: గృహరుణం మంజూరు పత్రం, వాయిదాలు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ నుంచి తీసిన సొమ్ము వివరాలు, స్థలం రిజిస్ట్రేషన్ దస్తావేజు. ‘ద్రోహపు డబ్బు’ అన్న మాట అబద్ధమని ఇవే చెబుతాయి, గేటు ఎవరు తీశారన్న చర్చలోకి మీరు వెళ్లనవసరమే ఉండదు. కోర్టు ఫీజు మీరు కోరే పరిహారాన్ని బట్టి ఉంటుంది, కోపంతో కోటి రూపాయలు అడగకండి. ఈ కాగితాలతో, ఆ ఫోనుతో ఈ వారంలోనే బెంగళూరులో ఒక సివిల్ వకీలును కలిసి వకాల్తా ఇవ్వండి.