మీ పిల్లి జున్నుగాడికి షుగర్ అన్నావు కదా, ఇది చదువు

చిన్నీ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పినా బుర్రకెక్కదని ఊరుకున్నా. ఇప్పుడు తీరిగ్గా టైప్ చేస్తున్నా, పొడుగ్గానే ఉంటుంది, మొత్తం ఇవాళే చదవక్కర్లేదు గానీ సిరంజి గురించి రాసింది మాత్రం మొదటి సూది వెయ్యకముందే చదువు, అల్లుడి చేత కూడా చదివించు.

మనిళ్ళల్లో షుగర్ ఎవరికీ కొత్త కాదు కదే, మీ అత్తగారికుంది, మీ నాన్నకుంది, నాకూ బోర్డర్లో ఉందంటున్నారు. ఆ ధైర్యంతోనే చాలామంది పిల్లి దగ్గర తప్పులో కాలేస్తారు. మనకి తెలిసిన జబ్బేగా అని మనిషికి చేసేవన్నీ దానికీ చేసేస్తారు, మెట్‌ఫార్మిన్ బిళ్ళ విరిచి పెట్టేవాళ్ళు, మెంతుల నీళ్ళు పట్టించేవాళ్ళు, పథ్యమని కడుపు మాడ్చేవాళ్ళు, అందర్నీ చూశా. మా పిల్లి కిట్టుగాడికి వచ్చినప్పుడు నేను ముందు చేసిన పని, ఇంట్లో అందరి సలహాలకీ ఒక దణ్ణం పెట్టేసి డాక్టర్ చెప్పింది మాత్రం నోట్‌బుక్‌లో రాసుకోవడం. నువ్వూ ఒకటి కొను, ఫోన్లో రాసుకుంటా అనకు, ఇంట్లో ముగ్గురికీ కనపడాలి.

క్లినిక్‌లో ఒక్కసారి చూసి 340 అన్నారు, అది నిజంగా షుగరేనా పిన్నీ అని అడిగావు చూడు, ఆ అనుమానం మంచిదే. బుట్టలో పెట్టి ఆటోలో తీసుకెళ్ళి అరిచే కుక్కల మధ్య కూర్చోబెడితే ఆ భయానికే పిల్లికి ఒక్కోసారి 300 దాటేస్తుంది, జబ్బు లేకపోయినా. అందుకని యూరిన్‌లో కూడా చక్కెర పోతోందా చూడాలి, ఫ్రక్టోసమైన్ అని ఒక రక్తపరీక్ష ఉంటుంది, మనకి మూడు నెలల యావరేజ్ తీస్తారే అలాగ, దీంట్లో గడిచిన రెండు మూడు వారాల సంగతి తెలుస్తుంది. నువ్వు చెప్పినవన్నీ, అంటే నీళ్ళ గిన్నె ఖాళీ అవుతూనే ఉండటం, లిట్టర్ ఇసుకలో ఉండలు ఇంతింత పెద్దవి రావడం, బాగా తింటూనే వీపు ఎముక తేలిపోవడం, అవి షుగర్ వైపే చూపిస్తున్నాయి, అయినా ఆ టెస్ట్ చేయించు. వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆనించి నడుస్తున్నాడన్నావు, అది దెబ్బ తగిలి కాదు, షుగర్ నరాల మీద పడితే అలా నడుస్తారు, అదుపులోకి వచ్చాక చాలా పిల్లులకి నెలల మీద మెల్లగా సర్దుకుంటుంది. నీళ్ళు తాగినందుకే అన్ని సార్లు పోస్తున్నాడని గిన్నె తీసెయ్యకండి ఎవరూ, పోతోంది కాబట్టి తాగుతున్నాడు.

ఇంకోటి, పోయినేడాది దురదకని ఏవో ఇంజెక్షన్లు వేయించావు కదా, అవి స్టెరాయిడ్లేమో, పాత చీటీలు వెతికి డాక్టర్‌కి చూపించు, వాటి వల్ల కూడా షుగర్ వస్తుంది. పళ్ళూ చిగుళ్ళూ చూడమను, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడమను, అవి ఉంటే ఇన్సులిన్ వేస్తున్నా రీడింగ్ దిగదు. ఆపరేషన్ అయిన మగపిల్లి, గడప దాటడు, మొన్నటిదాకా ఏడు కిలోలు, షుగర్ ఎక్కువగా వచ్చేది అలాంటి వాళ్ళకే. నీ తప్పేనా అని మళ్ళీ అడక్కు, దానికి టైం లేదిప్పుడు.

ఇక సిరంజి. మీ ఫ్రిజ్ తలుపులో మీ అత్తగారి, అదే మా వదినగారి ఇన్సులిన్ వయల్ ఉంటుంది, మిక్స్‌టార్డ్ అనుకుంటా, తీసి చూడు, 40 ఐయూ అని ఉంటుంది, అంటే ఒక మిల్లీలీటర్‌లో 40 యూనిట్లు. జున్నుగాడికి రాసింది గ్లార్జిన్ రకం ఇన్సులిన్ అన్నావు, కంపెనీ పేరు లాంటస్ అయినా బేసలాగ్ అయినా అది మిల్లీలీటర్‌కి 100. రెండిటికీ సిరంజిలు వేరు, 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత. మందుల షాపులో ఉత్తినే ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి అంటే ఆ కుర్రాడు చేతికందింది ఇచ్చేస్తాడు, నువ్వు మూత రంగు చూసి, పైన ప్రింట్ చేసిన నంబర్ చూసి తీసుకోవాలి. ఎర్ర మూతదాంట్లో గ్లార్జిన్ ఒక్క యూనిట్ గీత దాకా లాగావనుకో, వెళ్ళేది ఒకటి కాదు, రెండున్నర. వదినగారికి రెండున్నర యూనిట్లంటే లెక్కలోకే రాదు, కానీ పిల్లికి మామూలుగా మొదలుపెట్టేదే పూటకి ఒక యూనిట్, కొన్నిటికి అర యూనిటే. 100 వాటిల్లో చిన్న సిరంజి ఉంటుంది, మొత్తం 30 యూనిట్లే పట్టేది, అర యూనిట్ గీతలున్నది దొరికితే అదే తెచ్చుకో, ఆ గీతలు చూడ్డానికి మంచి లైటు కింద కూర్చో. వాడి వయలూ సిరంజిలూ కలిపి ఒక స్టీలు డబ్బాలో పెట్టి మూత మీద ప్లాస్టర్ అంటించి జున్ను అని రాయి, వదినగారి వాటికి దూరంగా, వేరే అరలో. ఆవిడ తెల్లారుజామున కళ్ళజోడు లేకుండా వచ్చి తీసుకున్నారంటే అదింకో గొడవ.

ఆ డబ్బా ఫ్రీజర్‌కి దగ్గరగా, ఫ్రిజ్ వెనక గోడకి ఆనుకుని ఉండకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక ఎంత బాగా కనపడినా పారెయ్యాల్సిందే. గ్లార్జిన్ నీళ్ళలా తేటగా ఉండాలి, మసగ్గా ఉంటే వాడకు, గబగబా ఊపకు కూడా.

సూది వెయ్యడం నువ్వనుకున్నంత ఘోరం కాదు, ఆ సూది వెంట్రుక కంటే కొంచెం లావు అంతే. వాడి ముందు గిన్నె పెట్టి, తింటున్నప్పుడు పక్కన కూర్చుని, పక్కటెముకల దగ్గర గానీ పొట్ట పక్కన గానీ చర్మం రెండు వేళ్ళతో పైకెత్తు, కింద ఖాళీ ఏర్పడుతుంది, అందులోకి సూది పోనిచ్చి ఒత్తి తీసెయ్. మెడ వెనక వెయ్యమంటారు కొందరు, అక్కడ రక్తం తక్కువ తిరుగుతుంది, మందు ఒక్కో రోజు ఒక్కోలా ఎక్కుతుంది, పక్కలే నయం, ఒక పూట ఎడమ ఒక పూట కుడి. వేశాక అక్కడి బొచ్చు తడిమి వేళ్ళు వాసన చూడు. ఇన్సులిన్‌కి ఒక ఆసుపత్రి వాసన ఉంటుంది, తడి తగిలి ఆ వాసన వచ్చిందంటే సూది అవతలికి పొడుచుకొచ్చి మందు బొచ్చు మీద పడిందన్నమాట. అప్పుడేం చెయ్యాలంటే, ఏం చెయ్యకూడదు. సగం పోయిందేమో ముప్పావు పోయిందేమో అని ఇంకోటి వెయ్యకు, ఆ పూటకి వదిలెయ్. ఒక పూట షుగర్ ఎక్కువున్నందుకు పిల్లికేం కాదు, ఒక్క పూట మరీ పడిపోతే ప్రాణం మీదకొస్తుంది. నువ్వు వేశావో అల్లుడు వేశాడో తెలియకపోయినా ఇదే లెక్క, అందుకే వేసిన వాళ్ళు నోట్‌బుక్‌లో టైం రాయాలి. రోజుకి రెండు పూటలు, 12 గంటల తేడాతో, మీ ఆఫీసులు చూసుకుని ఉదయం 7, రాత్రి 7 పెట్టుకోండి.

షుగర్ పడిపోతే ఎలా తెలుస్తుందంటే, ఉన్నట్టుండి తూలుతూ నడుస్తాడు, నీరసంగా మూల దాక్కుంటాడు, లేదా పిచ్చి ఆకలితో అరుస్తాడు, ముదిరితే వణుకు, ఫిట్స్. రీడింగ్ తీస్తూ కూర్చోకు అప్పుడు. తేనె గానీ, గ్లూకోన్-డి రెండు చుక్కల నీళ్ళలో ముద్దలా కలిపి గానీ, వేలితో చిగుళ్ళకి రుద్దు. నోట్లో పొయ్యొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఫిట్స్‌లో ఉంటే నీ వేలు కూడా జాగ్రత్త. తేరుకోగానే తిండి పెట్టి డాక్టర్ దగ్గరికి బయల్దేరు, లేచి తిరుగుతున్నాడుగా అని ఆగకు, వేసిన ఇన్సులిన్ ఇంకా గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. రాత్రిపూట తెరిచి ఉండే పెట్ హాస్పిటల్ మీకు దగ్గర్లో ఏదో ఇప్పుడే కనుక్కుని నంబర్ ఫ్రిజ్ మీద అంటించు.

దీనికి పూర్తి ఎదురు ఇంకోటుంది, రెండిటినీ కలిపెయ్యకు. తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, అదోరకం వాసన వస్తూ, వేలాడిపోయి పడుకుంటే అది కీటోన్లు, అంటే కొవ్వు కరిగితే వచ్చే ఆమ్లాలు, రక్తంలో పెరగడం. మందుల షాపులో యూరిన్ కీటోన్ స్ట్రిప్స్ దొరుకుతాయి, ఒక డబ్బా తెచ్చి పెట్టు. అది వస్తే ఇంట్లో వైద్యం లేదు, అప్పటికప్పుడు తీసుకెళ్ళాలి.

ఇంట్లో రీడింగ్ తీయడం నేర్చుకో, క్లినిక్‌లో భయంతో వచ్చే నంబర్ చూసి డోసు పెంచితే కష్టం. చెవి అంచున సన్నటి నరం కనపడుతుంది, అక్కడే. సాక్స్‌లో గుప్పెడు బియ్యం పోసి వేడి చేసి, నీ మణికట్టుకి ఆనించి చూసుకుని చెవికి కాసేపు పెట్టు, చల్లటి చెవిలోంచి రక్తం రాదు. అంచుకి వాజ్‌లైన్ పల్చగా పూస్తే చుక్క బొచ్చులోకి పాకకుండా నిలబడుతుంది. గుచ్చేటప్పుడు చెవి వెనకాల దూది మడత పెట్టుకో, లేకపోతే నీ వేలికే దిగుతుంది. అయ్యాక దూదితో కాసేపు నొక్కిపట్టి ఏదన్నా ఇష్టమైన ముక్క పెట్టు, నాలుగు రోజులకి వాడే వచ్చి కూర్చుంటాడు ఆ ముక్క కోసం. వదినగారి గ్లూకోమీటర్ వాడొచ్చు గానీ అది పిల్లికి అసలు కంటే తక్కువ చూపిస్తుంది, పిల్లి రక్తంలో చక్కెర దాదాపు అంతా ప్లాస్మాలోనే, అంటే కణాలు కాక మిగిలిన నీటి భాగంలోనే ఉంటుంది, మన మీటర్ మన రక్తానికి లెక్కగట్టింది. ఆల్ఫాట్రాక్ అని జంతువుల మీటర్ ఉంది, దొరికితే మంచిదే, దొరక్కపోతే ఏ మీటర్‌తో తీస్తున్నావో డాక్టర్‌కి చెప్పి ఎప్పుడూ అదే వాడు. ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సార్ పిల్లులకీ పెడుతున్నారు, అతికించిన చోట బొచ్చు గీయాలి, రెండు వారాలు పనిచెయ్యాలి గానీ చాలా పిల్లులు ముందే పీకేస్తాయి, అయినా కొత్తలో ఒకసారి పెట్టించుకుంటే రోజంతా ఎలా ఎక్కి దిగుతోందో తెలుస్తుంది.

కొత్తలో సూదికి ముందు 200 కంటే తక్కువొస్తే వెయ్యకుండా ఫోన్ చెయ్యమనేవారు మా డాక్టర్. మీ వాళ్ళు ఎంతంటారో అడిగి ఆ నంబర్ కూడా రాసుకో. ఒక్క రోజు ఎక్కువొచ్చిందని నువ్వే డోసు పెంచెయ్యకు, గ్లార్జిన్ ఒంట్లో కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది.

తిండి దగ్గర మన అలవాట్లు అస్సలు పనికిరావు. మనకి అన్నం మానేసి చపాతీ అంటారు, వాడికి రెండూ వద్దు. పిల్లి పుట్టుకే మాంసం తినే పుట్టుక, పిండి అరిగించుకునే ఏర్పాటు దానికి తక్కువ. పాలన్నం, పెరుగన్నం, పులుసు కలిపిన అన్నం, అన్నీ బంద్. ప్యాకెట్ గింజలు కూడా అంత మంచివేం కాదు, అవి గింజలా నిలబడాలంటే పిండి వెయ్యాల్సిందే. తడి ఫుడ్, టిన్నుల్లో పౌచుల్లో వచ్చేది, గ్రేవీ కంటే పేట్ రకం, అదే మెత్తటి ముద్దలా ఉండేది చూడు, గ్రేవీ చిక్కబడ్డానికి పిండి కలిపే రకాలుంటాయి. ప్యాకెట్ వెనక ప్రొటీన్, ఫ్యాట్, ఫైబర్, తేమ, యాష్ (అంటే ఖనిజాలు) ఇస్తారు, అవన్నీ 100లోంచి తీసేస్తే మిగిలిందే పిండి. ఉడకబెట్టిన చికెన్ పెడతానంటావు, పెట్టు, ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా, ఉల్లి వెల్లుల్లి పిల్లికి విషమే, కానీ ఉత్త చికెనే వారాల తరబడి పెడితే కాల్షియం ఉండదు, టారిన్ అనే పోషకం చాలదు, గుండెకీ కళ్ళకీ దెబ్బ.

అయితే ఇవాళ చదివి రేపు తిండి మొత్తం మార్చెయ్యకు! గింజల మీద ఉన్న పిల్లికి డాక్టర్ లెక్కగట్టిన డోసు అది, పిండి తగ్గగానే అదే డోసు ఎక్కువైపోతుంది. డాక్టర్‌కి చెప్పి, కొంచెం కొంచెంగా మార్చు. ఇంకా బొద్దుగా ఉన్నాడు కదా అని కడుపు కూడా మాడ్చకు, లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వంతా లివర్‌కి పట్టేస్తుంది, అది షుగర్ కంటే గండం. ఏ పూటైనా తినకపోతే సూది వెయ్యకముందే ఫోన్ చెయ్.

వదినగారితో మాత్రం నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడతా. పాపం మూగజీవి అని చాటుగా ఒక ముద్ద పాలన్నం పెట్టేస్తారు ఆవిడ, నాకు తెలుసు.

డల్లాస్ నుంచి మీ అక్క మాత్ర పంపుతానందటగా. అక్కడ సూది లేకుండా నోటితో ఇచ్చేవి వచ్చిన మాట నిజమే, బెక్సాక్యాట్‌కి 2022 డిసెంబర్లో, సెన్వెల్గోకి 2023లో అనుమతి ఇచ్చారు. కానీ అవి అప్పటిదాకా ఇన్సులిన్ పడని పిల్లులకే, ఒకసారి ఇన్సులిన్ మొదలెట్టాక ఇవ్వకూడదంటారు, పైగా వాటితో షుగర్ మామూలుగా కనపడుతూనే కీటోన్లు పెరిగిపోవచ్చు. ముందు రక్తపరీక్షలూ, తర్వాత దగ్గరుండి చూసే డాక్టరూ లేకుండా సూట్‌కేస్‌లో వచ్చిన మాత్ర వెయ్యొద్దని మీ అక్కకి నా మాటగా చెప్పు.

నువ్వు అడగని సంగతి ఒకటి చెప్తా, మనుషుల షుగర్ చూసి అలవాటైన మనకి నమ్మబుద్ధి కాదు. ఒకసారి ఇన్సులిన్ మొదలైతే జీవితాంతం అనుకుంటాం కదా, పిల్లుల్లో కొన్నిటికి, త్వరగా మొదలుపెట్టి తిండి మార్చి షుగర్ గట్టిగా అదుపులో పెడితే, మొదటి నెలల్లోనే ఇన్సులిన్ అవసరం లేకుండా పోతుంది. మా కిట్టుగాడికి డోసు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది, ఆ తర్వాత చాలా కాలం సూది లేకుండానే తిరిగాడు, ముసలితనంలో మళ్ళీ వచ్చింది. జున్నుగాడికీ అవుతుందని మాటివ్వలేను, అవని వాళ్ళూ సూదులతో ఏళ్ళు హాయిగా బతుకుతారు. ఇందుకే రీడింగులు తీస్తూ ఉండమంటున్నా, షుగర్ దానంతటదే బాగవుతున్న టైంలో నువ్వు చూడకుండా పాత డోసే వేస్తూ పోతే పడిపోతాడు.

వాడిన సూదులు చెత్తలో ఊరికే పడెయ్యకు, చెత్తబండి వాళ్ళ చేతికి గుచ్చుకుంటాయి, మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి నిండాక క్లినిక్‌లో ఇచ్చెయ్.

సంక్రాంతికి ఊరెళ్తారుగా, వాణ్ణి ఎక్కడో బోర్డింగ్‌లో పెట్టకండి, విజయవాడలో నా దగ్గర దించేసి వెళ్ళండి. రేపు రాత్రి ఏడింటికి కొంచెం ముందు వీడియో కాల్ చెయ్. ముందు ఒక సిరంజిలో ఉత్త నీళ్ళు లాగి గీత ఎక్కడ ఆగిందో నాకు చూపించు, తర్వాతే ఇంకో కొత్త సిరంజిలో మందు. ఫోన్ గోడకి ఆనించి పెట్టు, నీ మొహం కాదు, చేతులు కనపడాలి.

పిన్ని